శంఖం ఊదినదెవరు?

1

1983లో మదనపల్లెలో ఒక సాహిత్య సభలో నేను ఒక అబద్ధం చెప్పాను. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకుణ్ణి. జాతీయోద్యమ కవిత్వంలో వర్గస్వభావం గురించి మాట్లాడమన్నారు. రవీంద్రుడి 'జనగణమన' అయిదవ జార్జి చక్రవర్తికి స్వాగతగీతంగా రాసినదనీ, మన జాతీయ బూర్జువా వర్గం సామ్రాజ్యవాదంతో రాజీ పడిన తీరుకు ఇంతకంటె రుజువు అక్కరలేదనీ గొంతెత్తి చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సభ ముగిశాక ఒక విశ్రాంత తెలుగు పండితుడు నా దగ్గరికి వచ్చి, "ఆ మాట యాడ చదివినావు నాయనా?" అని అడిగాడు.

"అందరికీ తెలిసిందే కదయ్యా" అన్నాను.

"అందరికీ తెలిసేదానికి ముందర ఒకరు చెప్పుండాల గదా. ఆ ఒకరెవరో కనుక్కున్నావా?" అన్నాడాయన. కాసేపాగి, "ఆ పాట ఇంగ్లీషులోకి మారింది ఈ ఊర్లోనే. ఆ కాలేజీ నువ్వు బస్సు దిగి వచ్చిన దావలోనే ఉండాది" అని వెళ్ళిపోయాడు.

నా దగ్గర జవాబు లేదు. చదివిన పుస్తకం లేదు, చూసిన పత్రిక లేదు. ఎవరో అనగా విన్నాను. నా వాదనకు పనికివచ్చింది కనుక నమ్మాను. ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయానికి మూలం ఆ సాయంత్రమే. అసత్య ప్రచారాన్ని ఎదుర్కోవడం గురించి, స్వతంత్ర పత్రికా రచనను కాపాడుకోవడం గురించి ఇవాళ అందరూ మాట్లాడుతున్నారు. అభ్యుదయ రచయితలమైన మనమూ మాట్లాడుతున్నాం. అయితే అబద్ధం మీద మన రచనలో కోపం కనిపించినంతగా, అబద్ధం నడిచే దారి మీద పరిశీలన కనిపించదు. ఈ లోపం మన సాహిత్యానిదే అని నా అభిప్రాయం. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోని మూడు ఊళ్ళను, మదనపల్లెనూ పుంగనూరునూ కుప్పాన్నీ, ఆధారం చేసుకొని ఆ అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతాను.

2

ముందు నా అబద్ధం పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు జరిగింది. బెంగాల్ విభజన రద్దు అక్కడే ప్రకటించారు. అదే నెల కలకత్తాలో కాంగ్రెసు మహాసభ. రెండవ రోజు, డిసెంబరు 27న, రవీంద్రుడి గీతం పాడారు. విభజన రద్దు చేసినందుకు చక్రవర్తికి కృతజ్ఞత చెప్పే తీర్మానం ఆనాడే చేశారు. చక్రవర్తిని పొగిడే మరొక హిందీ పాట కూడా ఆనాడే పాడారు. మరునాడు ఆంగ్లేయుల యాజమాన్యంలోని పత్రికలు రెండు పాటలనూ కలగాపులగం చేసి, రవీంద్రుడు చక్రవర్తికి స్వాగతగీతం రాశాడని ప్రకటించాయి. బెంగాలీ భాష తెలిసిన జాతీయ పత్రికలు మాత్రం దానిని దైవస్తుతిగానే సరిగా పేర్కొన్నాయి. 1912 జనవరిలో ఆ గీతం 'తత్త్వబోధిని పత్రిక'లో అచ్చయింది. చదవగలిగిన వాడెవడైనా చదివి నిజం తెలుసుకోవచ్చు.

కాని పాటను చదివినవాళ్ళ కంటె వార్తను విన్నవాళ్ళే ఎక్కువ. 1937 నవంబరులో, ఇరవయ్యారేళ్ళ తరువాత, రవీంద్రుడు పులిన్‌బిహారీ సేన్‌కు రాసిన లేఖలో వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. రాజును పొగిడే పాట కావాలని తన మిత్రుడైన ఒక ఉద్యోగి అడిగాడనీ, ఆ కోరికకు ఆశ్చర్యమూ బాధా కలిగి, యుగయుగాలుగా ఈ దేశాన్ని నడిపించే విధాతను గురించి రాశాననీ, ఆ విధాత ఏ జార్జీ కాలేడనీ ఆయన చెప్పాడు. చెప్పినా ఆగలేదు. 1983లో నా నోట అది మళ్ళీ పలికింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ తప్పును పుట్టించిన విలేఖరి ఎవరో మనకు తెలియదు. బహుశా అతనికి దురుద్దేశం కూడా లేకపోవచ్చు. తొందరా, భాష రాకపోవడమూ చాలు. కాని దానిని బ్రతికించిన వాళ్ళెవరో తెలుసు. ప్రజలు రాజభక్తితో ఉన్నారని చూపించుకోవలసిన వాళ్ళకు అది కావలసి వచ్చింది. వేరే గీతం జాతీయగీతం కావాలని కోరినవాళ్ళకు కావలసి వచ్చింది. రవీంద్రుణ్ణి భూస్వామ్య కవిగా నిరూపించాలనుకున్న నావంటి వాళ్ళకూ కావలసి వచ్చింది. పరస్పరం పొసగని మూడు శిబిరాలు ఒకే అబద్ధాన్ని భుజాన మోశాయి. అబద్ధానికి పుట్టుక ఒకడి వల్ల కలగవచ్చు. ఆయుష్షు మాత్రం దానితో అవసరం ఉన్నవాళ్ళందరూ కలిసి పోస్తారు.

ఇదే పాట మీద ఇవాళ ఇంకొక అబద్ధం నడుస్తున్నది. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న కబురు 2008 నుంచి ఈమెయిళ్ళలో మొదలై, చేతి ఫోన్లలోకి దిగి, ఇప్పటికీ ప్రతి ఆగస్టులోనూ జనవరిలోనూ తిరుగుతున్నది. అటువంటి ప్రకటన ఏదీ చేయలేదని యునెస్కో చెప్పింది. ఒకే పాట ఒక అబద్ధంలో దేశద్రోహం, మరొక అబద్ధంలో ప్రపంచ విజయం. రెంటిలోనూ పాట చదవవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

3

పండితుడు చెప్పిన కాలేజీ కథలో ఇంకొక పాఠం ఉంది. అది పత్రికలకు సంబంధించినది.

మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల 1915లో అనీబిసెంటు ప్రోద్బలంతో ఏర్పడింది. ఆమె 1914 నుంచి మద్రాసులో 'న్యూ ఇండియా' దినపత్రిక నడుపుతున్నది. 1916 మే నెలలో మద్రాసు ప్రభుత్వం 1910 నాటి ప్రెస్ చట్టం కింద ఆ పత్రిక నుంచి 2,000 రూపాయలు ధరావతు కట్టించుకొన్నది. ఆగస్టులో ఆ సొమ్ము జప్తు చేసి, మళ్ళీ 10,000 అడిగింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆమెను నిర్బంధించింది. పత్రికను మూయించడానికి తుపాకి అక్కరలేదు, ఖజానా రసీదు చాలునని ఆ ప్రభుత్వానికి తెలుసు.

జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి 'న్యూ ఇండియా'లో సాహిత్య ఉపసంపాదకుడుగా పనిచేయడానికి 1915లో వచ్చాడు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ ఆయన వ్యాసం రాశాడు. అది అచ్చయింది. స్వేచ్ఛ కోసం పోరాడుతున్న అదే సంపాదకురాలు, ప్రభుత్వం కత్తి తన పత్రిక మెడమీద వేలాడుతుండగా, ఆయనను ఉద్యోగం నుంచి తీసివేయక తప్పలేదు. ఆయన మదనపల్లెకు వచ్చి పాఠాలు చెప్పుకొన్నాడు, ప్రిన్సిపాలు అయ్యాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు వచ్చి బస చేసింది ఆయన దగ్గరే. అప్పుడే 'జనగణమన'ను ఇంగ్లీషు చేసి 'భారత ప్రభాత గీతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీకి స్వరలిపి కూర్చింది.

అంటే, పత్రికలో నిజమైన అభిప్రాయం రాసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఇంటి ఆవరణలో, పత్రికల అబద్ధానికి గురైన పాట తన రెండవ భాషను పొందింది. నేను నిలబడి ఉపన్యసించిన ఊరి చరిత్ర ఇది. నాకు ఒక్క ముక్క తెలియదు.

ఈ కథలో నన్ను బాగా కదిలించేది అనీబిసెంటు సంకటం. ప్రభుత్వం నేరుగా కజిన్స్‌ను తీసివేయలేదు. తీసివేసే పనిని సంపాదకురాలి చేతనే చేయించింది. మన కాలంలో పత్రికలలో జరిగే సెన్సారు ఎక్కువభాగం ఈ రకమే. 1975-77 ఎమర్జెన్సీలో అధికారులు ప్రూఫుల మీద గీతలు గీశారు. అది కంటికి కనిపించే సెన్సారు. ప్రకటన ఆగుతుందేమో, కేసు పడుతుందేమో, యాజమాన్యానికి నచ్చదేమో అని విలేఖరి తనంతట తానే గీసుకొనే గీత ఎవరికీ కనిపించదు.

4

"అబద్ధాలు ఇంతగా పెరిగినప్పుడు, ఏది నిజమో తేల్చే అధికారం ప్రభుత్వానికి ఇస్తే తప్పేమిటి?" అని ఈ మధ్య మన మిత్రులే అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయలేం. పాత చిత్తూరు జిల్లాలోనే, 2020 ఫిబ్రవరిలో, తొట్టంబేడు మండలంలో ఒక వ్యక్తి తనకు కరోనా సోకిందని భ్రమపడి, ఇంటివాళ్ళకు అంటుకోకూడదని ఉరి వేసుకొన్నాడు. ఆయనకు ఆ వ్యాధి లేదు. ఆ రోజుల్లో ఫోనులో వచ్చిన వీడియోలు చూసి భయపడ్డాడని కుటుంబం చెప్పింది. అబద్ధం మనుషులను చంపుతుంది. ఇందులో సందేహం లేదు.

అయినా నా జవాబు 'తప్పే' అని. దానికి సాక్ష్యం కూడా మదనపల్లె దగ్గరే ఉంది. క్షయవ్యాధికి బి.సి.జి. టీకా మన దేశంలో మొదట వేయడం ప్రారంభించిన చోట్లలో మదనపల్లె ఒకటి, సంవత్సరం 1948. ఆ తరువాత అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ళ తరబడి దానిమీద పరిశోధన చేశారు. ఆ టీకాను ఎదిరించిన వాళ్ళు మద్రాసు రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. 1955లో రాజాజీ స్వయంగా దానికి వ్యతిరేకంగా కరపత్రం రాశారు. ఆ వ్యతిరేకతలో మూఢత్వమూ ఉంది, నిరాధారమైన భయమూ ఉంది. ప్రభుత్వానికి 'అసత్య నిర్ధారణ' ముద్ర ఉండి ఉంటే ఆ కరపత్రం మీద తప్పక పడి ఉండేది. తరువాత ఏమయింది? 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టిన పెద్ద పరీక్ష ఫలితాలు 1979-80లో వెలువడ్డాయి. పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయనుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలింది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన క్షయరూపాల నుంచి కాపాడుతుంది కనుక ఇప్పటికీ పుట్టిన బిడ్డలకు వేస్తున్నారు, వేయించవలసిందే. అంటే ప్రభుత్వం పూర్తిగా తప్పు కాదు, వ్యతిరేకులు పూర్తిగా ఒప్పు కాదు. నిజం తేలడానికి ముప్పయ్యేళ్ళూ ప్రశ్నించే హక్కూ కావలసివచ్చాయి. ముద్రవేసే అధికారి ఉంటే రెండూ దొరికేవి కావు.

పాలకులు మాత్రం ఆ ముద్ర కోసం చేయి చాస్తూనే ఉన్నారు. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' పత్రిక తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధిస్తే, రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మరుసటి ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. 2007 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పత్రికల మీద కేసులు పెట్టడానికి జీవో 938 తెచ్చి, జర్నలిస్టుల నిరసనతో వెనక్కి తగ్గింది. 2019 అక్టోబరు 30న జీవో 2430 వచ్చింది. నిరాధారమైన వార్త అనిపిస్తే ఆయా శాఖల కార్యదర్శులే కేసులు పెట్టవచ్చునని దాని సారాంశం. 2023లో కేంద్రం ఐ.టి. నిబంధనలు సవరించి, ప్రభుత్వ వ్యవహారాల మీద ఏది అసత్యమో తేల్చే విభాగం పెట్టబోతే, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. పార్టీలు వేరు, కాలాలు వేరు, చేయి ఒకటే. వార్తకు ప్రతివాది అయినవాడే న్యాయమూర్తి కుర్చీలో కూర్చోవాలనుకోవడమే దీనిలోని అసలు విషయం.

5

ఇక మన సాహిత్యం సంగతి.

తెలుగులో ఆధునిక రచన పత్రికతో కలిసి పుట్టింది. 1874లో 'వివేకవర్ధని' పెట్టిన కందుకూరి, అధికారుల లంచగొండితనాన్ని అచ్చులో బయటపెట్టాడు. 1908లో 'స్వరాజ్య' పత్రికలో రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్ళాడు. అబద్ధం పనిచేసే తీరును మన సాహిత్యంలో అందరికంటె బాగా చూపిన గురజాడ అదే కాలంవాడు. గిరీశం చెప్పే గొప్పలను పరిశీలించండి. పూనా డక్కన్ కాలేజీలో మూడు గంటలు ఉపన్యసించానంటాడు. ఎవరూ పూనాకు వెళ్ళి కనుక్కోలేరు. దూరం, అంకె, ఇంగ్లీషు పేరు: ఈ మూడింటితో నమ్మకం తయారవుతుంది. యునెస్కో కబురుకు పనిముట్లు ఇవే. గురజాడ గిరీశాన్ని తిట్టి ఊరుకోలేదు. వినేవాడికి ఏ అవసరం ఉండి నమ్ముతున్నాడో చూపించాడు. వెంకటేశానికి పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో దాచుకోవాలి, అగ్నిహోత్రావధానులుకు కోర్టు వ్యవహారాలలో ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలి. అందుకే గిరీశం చెల్లుబాటయ్యాడు.

ఆ చూపు తరువాత మనకు ఎందుకు సన్నగిల్లింది? పత్రికా స్వేచ్ఛ మీద నా చేతికి వచ్చే కవితా సంపుటాల్లో ఒకే బొమ్మ: విరిగిన కలం, సిరాకు బదులు నెత్తురు, సంకెళ్ళు. ఈ ప్రతీకలకు మూలమైన త్యాగాలు నిజమైనవే. 1948 ఆగస్టులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య జరిగింది. 1985 అక్టోబరులో విజయవాడలో 'ఎన్‌కౌంటర్' పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్ హత్య జరిగింది. వాళ్ళకు మన కవులు నివాళులు రాయవలసిందే. కాని చచ్చిపోయిన సంపాదకుడి మీద పది కవితలు రాసేవాడు, బ్రతికి ఉన్న మండల విలేఖరి మీద ఒక్క కథ రాయడు.

ఆ విలేఖరిని నేను పుంగనూరులో ఎరుగుదును. పేరు అనవసరం. ఇరవై ఏళ్ళుగా వార్తలు పంపుతున్నాడు. అతనికి జీతం లేదు. అచ్చయిన వార్త పొడవును కొలిచి ఇచ్చే 'లైన్ అకౌంటు' ఉండేది; అది ఇంటద్దెకు కూడా చాలదు. అతని బ్రతుకు ప్రకటనల కమీషను మీద. పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనల టార్గెట్ పైనుంచి వస్తుంది. ఆ ప్రకటన ఎవరిస్తారు? కాంట్రాక్టరు, రియల్ ఎస్టేటు వ్యాపారి, పార్టీ మండల నాయకుడు. మరి వార్త ఎవరిమీద రాయాలి? చెరువు ఆక్రమణ, ఇసుక, టమోటా మండీలో తూకం... మళ్ళీ వాళ్ళమీదే. "పొద్దున బిల్లు అడిగేదానికి పోయిన ఇంటికే మద్దేనం వివరణ అడిగేదానికి పోవాల సార్. ఏ మొగం పెట్టుకోని పోయేది?" అన్నాడతను నాతో. కజిన్స్ సంకటం, అనీబిసెంటు సంకటం రెండూ ఈ ఒక్క మనిషిలో ఉన్నాయి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఇప్పుడు కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. అది విడిగా ఉన్ననాడు కూడా దాని నీడ ఇతని గడపదాకా రాలేదు.

2023 ఆగస్టు 4న మదనపల్లె దగ్గర అంగళ్ళులోనూ, ఆ తరువాత పుంగనూరు బైపాస్ దగ్గరా, అప్పటి ప్రతిపక్ష నాయకుని పర్యటన సందర్భంగా ఘర్షణ జరిగింది. రాళ్ళు పడ్డాయి, పోలీసులు గాయపడ్డారు, పోలీసు వాహనాలు తగులబడ్డాయి. మరునాడు ఆ ప్రాంతంలో టీ అంగట్లో కూర్చుని రెండు పెద్ద పత్రికలు పక్కపక్కన పెట్టుకొని చదివితే రెండు పుంగనూర్లు కనిపించాయి. ఒక పత్రికను 2008లో స్థాపించిన కుటుంబమే అప్పుడు అధికారంలో ఉన్న పార్టీని నడుపుతున్నది. మరొక పత్రిక 1982లో ప్రతిపక్ష పార్టీ పుట్టిననాడే దానికి అండగా నిలిచింది. ఎవరు మొదలుపెట్టారన్నది తేల్చవలసినది విచారణ. దానిమీద నేను తీర్పు చెప్పబోవడం లేదు. నేను అడిగేది ఇది: ఆ రోజు రోడ్డు మీద ఉన్న విలేఖరి, తాను కళ్ళారా చూసిందంతా పంపగలిగాడా? పంపితే, పంపినట్టు అచ్చయిందా? అంగట్లో ఒక పెద్దాయన రెండు పత్రికలనూ మడిచి బల్లమీద పెట్టి, "రెండూ మనకు గాదులే" అన్నాడు. అబద్ధం సాధించే విజయం ఇదే. అది తనను నమ్మించనక్కరలేదు. దేన్నీ నమ్మకుండా చేస్తే చాలు. అప్పుడు నిజం రాసే విలేఖరి కూడా పార్టీ మనిషిలాగే కనిపిస్తాడు, అతని మీద దెబ్బ పడితే అడిగేవాడుండడు.

ఈ వస్తువు మన కథకు అందలేదు. కె. సభా వంటి కథకుడు ఈ జిల్లాలో పత్రికా రచన చేసినవాడే. నామిని పత్రిక పేజీలోనే తన పల్లెను నిలబెట్టినవాడే. అనుభవం లేదనడానికి వీల్లేదు. లేనిది, పత్రికను ఒక పనిచోటుగా, కూలీ దొరికే, దొరకని చోటుగా చూడగల చూపు.

6

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం. కబురుకు అక్కడ సరిహద్దు లేదు. 2018 వేసవిలో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వదంతి ఈ మూడు భాషలలోనూ వాట్సాప్ మీద పాకింది. మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో ఒక వృద్ధురాలిని కొట్టి చంపారు. ఆమె చేసిన నేరం పిల్లలకు మిఠాయి ఇవ్వడం. అదే నెల బెంగుళూరులో పొట్టకూటికి వచ్చిన యువకుణ్ణి చంపారు. హైదరాబాదులో ఒక హిజ్రాను చంపారు. జూలైలో వాట్సాప్ సంస్థ ఒకసారికి అయిదు చోట్లకు మించి సందేశం పంపకుండా మనదేశంలో పరిమితి పెట్టింది.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ప్రాంతపు విద్యార్థి ఒకరు ఈ వదంతి మీద రాసిన కథను నాకు చదవమని ఇచ్చాడు. వాక్యం శుభ్రంగా ఉంది, ఉద్దేశం మంచిది. కాని కథలో గుంపు అంతా మూర్ఖులు, చదువుకున్న కథానాయకుడు ఒక్కడే వివేకి. ఫోను దుష్టపాత్ర. నేనతన్ని అడిగాను: "ఆ తల్లులు ఎందుకు నమ్మారు?" అతను ఆలోచించి చెప్పిన మాటలు కథలో లేవు. పొద్దున్నే మొగుడూ పెళ్ళామూ బెంగుళూరు రైలెక్కి కూలికి పోతారు. పిల్లలు ముసలమ్మ దగ్గర ఉంటారు. బిడ్డ తప్పిపోతే ఫిర్యాదు తీసుకుంటారన్న నమ్మకం లేదు. భయం నిజమైనది; ఆ భయానికి తొడిగిన ముఖం అబద్ధం. నిజమైన భయాన్ని పట్టించుకొనే విలేఖరీ, అధికారీ, రచయితా లేనిచోట వదంతి విలేఖరి అవుతుంది. ఇది రాసినప్పుడే ఆ కథ కథ అవుతుందని చెప్పాను.

అదే 2018లో తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి ఒక పని చేసింది. ఊరూరికీ ఒక పోలీసును కేటాయించింది. గ్రామస్థుల వాట్సాప్ బృందాలలో వాళ్ళను చేర్పించింది. డప్పులతో, పాటలతో కళాకారులను పల్లెలకు పంపింది. వదంతి అక్కడికీ వచ్చింది. కాని అక్కడ ప్రాణం పోలేదు. పోలీసు చేతిలో కళ ఉండడం మీద నాకు సంకోచాలున్నాయి. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పని మనం చేయవలసింది. డప్పు మనదనీ, పాట మనదనీ చెప్పుకుంటూ, వదంతి పల్లెకు వచ్చిననాడు మనం పట్టణంలో సదస్సు పెట్టుకొని ఉన్నాం.

మన పడమటి మండలాలలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ద్రోణుడి చావు రోజున జనం కిక్కిరిసి ఉంటారు. ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అంటాడు, ఏనుగని మెల్లగా అంటాడు. ఆ మెల్లని మాట మీద శంఖం మోగుతుంది. చిన్నప్పటినుంచీ ఈ ఘట్టం చూసిన నేను, అది ధర్మరాజు తప్పు గురించిన కథ అనుకొన్నాను. ఇప్పుడు నాకు శంఖం ఊదినవాడు ముఖ్యంగా కనిపిస్తున్నాడు. సగం నిజం చెప్పడానికి ఒక మనిషి చాలు. మిగిలిన సగం వినబడకుండా చేయడానికి వాద్యం కావాలి, వాద్యగాడు కావాలి, అతనికి కూలి ఇచ్చేవాడు కావాలి. మన విమర్శ ధర్మరాజు దగ్గర ఆగిపోతున్నది. శంఖం దాకా పోవడం లేదు. భారతం ఆడేవాళ్ళు దుర్యోధన వధ దాకా ఊరంతటినీ మేలుకొలిపి కూర్చోబెట్టగలరు. ఆ శక్తిని ఈ ప్రశ్నకు మళ్ళించగల రచన మననుంచి రావాలి.

7

అయితే మనం చేయవలసినది ఏమిటి? పెద్ద తీర్మానాలు వద్దు. మూడు చిన్న పనులు చెబుతాను.

మొదటిది, మన రచయితల సంఘాలు సభల్లో పత్రికా స్వేచ్ఛ మీద తీర్మానం చేసేటప్పుడు యజమాని స్వేచ్ఛకూ విలేఖరి స్వేచ్ఛకూ తేడా స్పష్టంగా రాయాలి. మండల విలేఖరికి జీతమూ, ప్రకటనల బాధ్యతనుంచి విముక్తీ కావాలని అడగాలి. కేసు పడిన విలేఖరి మన పార్టీకి నచ్చనివాడైనా అతని పక్కన నిలబడాలి. 2022 జూన్‌లో, అబద్ధపు వార్తలను పట్టి చూపే 'ఆల్ట్ న్యూస్' సహస్థాపకుడు జుబేర్‌ను అరెస్టు చేస్తే జూలైలో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అబద్ధాన్ని పట్టుకొన్నవాడే ముందు జైలుకు పోయే రోజుల్లో, నచ్చినవాళ్ళకే మద్దతు అంటే ఎవరికీ మద్దతు లేనట్టే.

రెండవది, విద్యార్థి రచయితలు వార్తను సాహిత్యంగా చదవడం నేర్చుకోవాలి. ఎవరు చెప్పారు, ఎక్కడ నిలబడి చూశారు, ఏ మాట వదిలేశారు, ఎవరికి ఇది అవసరం? కథను విమర్శించేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే ఇవి. పద్యంలో ప్రక్షిప్తాన్ని పట్టుకోగల తెలుగు విద్యార్థికి వీడియోలో ప్రక్షిప్తం పట్టుకోవడం అసాధ్యం కాదు. హైదరాబాదు నుంచి 'ఫ్యాక్ట్‌లీ' వంటి సంస్థలు తెలుగులో ఈ పని చేస్తున్నాయి. మనం ఆ పనిని తరగతి గదిలోకి తేవాలి.

మూడవది అన్నిటికంటె కష్టం. మన తప్పును మనమే, మొదట చెప్పినంత గట్టిగా, దిద్దుకోవాలి. పత్రికలు మొదటి పేజీలో తప్పు వేసి లోపలి పేజీ మూలలో సవరణ వేస్తాయని మనం ఎగతాళి చేస్తాం. మన వ్యాసాలలో, మన ఉపన్యాసాలలో అసలు సవరణే ఉండదు. ఉద్దేశం ప్రగతిశీలమైతే ఆధారం అడగనక్కరలేదన్న అలవాటు మనలో ఎంత లోతుగా ఉందో నాకు నా అనుభవం వల్ల తెలుసు. అబద్ధంతో గెలిచిన వాదన, మరునాడు ఆ అబద్ధం బయటపడినప్పుడు, తనతోపాటు పక్కనున్న నిజాన్ని కూడా పట్టుకుపోతుంది. రవీంద్రుడి వర్గస్వభావం మీద అనవలసినవి నాకు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఆ సాయంత్రం తరువాత ఆ ఊళ్ళో వాటిని ఎవరూ వినలేదు, అది న్యాయమే.

ఆ పండితుడు ఇప్పుడు లేరు. వారి ప్రశ్నకు జవాబు సభలోనే చెప్పవలసింది; నలభై ఏళ్ళు దాటాక ఇక్కడ చెబుతున్నాను. 1983లో మదనపల్లెలో నేను 'జనగణమన' గురించి చెప్పిన మాట తప్పు. దానికి నా దగ్గర ఏ ఆధారమూ ఉండలేదు. ఆనాటి శ్రోతలలో ఎవరైనా ఆ మాటను నమ్మి మరొకరికి చెప్పి ఉంటే, దయచేసి ఈ సవరణను కూడా వాళ్ళకు చేర్చవలసిందిగా కోరుతున్నాను.